టీవీ పిల్ల సీమంతానికి కొన్న గాజులు

టీవీ వాళ్ళు మా అక్కని సీమంతానికి రమ్మని పిలిచారు. తీరా వెళ్ళాక చేతిలో పళ్ళెం పుచ్చుకుని, ఆవిణ్ణి మాత్రం వేదిక మెట్ల దగ్గరే ఆపేశారు. భర్త పోయిన మనిషి కడుపుతో ఉన్న పిల్లకి గాజులు వెయ్యకూడదన్నారు. ఆ పిల్లకి కడుపు లేదు, అసలు పెళ్ళే కాలేదు. అది సీరియలు. అయినా సరే, వెయ్యకూడదన్నారు.

ఇది తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణమండపంలో, హాలు నిండా ఉన్న ఆడవాళ్ళ ఎదుట జరిగింది. ఆ రోజు ఎంత మండిందో ఇప్పటికీ అంతే మండుతుంది. కాకపోతే ఒంట్లో ఓపిక తగ్గింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలని ముసలితనం వచ్చాకే తెలిసింది.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. మాది కొల్లేట్లో ఏలూరు వైపున్న లంక గ్రామం. చిన్నప్పుడు వలలు లాగాను, పెద్దయ్యాక చేపల చెరువులకి కాపలా కాశాను. చేపల పెట్టెల్లో ఐసు మీద పరిచే పాత పేపర్లు తడిసి చిరిగేలోపు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకని నాకు చాలా వార్తల మొదలు తెలుసు, చివర తెలియదు. రాయడం బొగ్గుముక్కతో తూము గోడ మీద నేర్చుకున్నాను. ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు.

మా అక్క నాకంటే పెద్దది. పెనుగాలి వచ్చిన ఏడు మా బావ దోనె వేసుకుని వెళ్ళాడు, దోనె ఒక్కటే దొరికింది. పిల్లల్లేరు. ఆ ఏడే మా ఇంటికి వచ్చేసింది. నా పిల్లలకి తల్లిపాలు తప్ప తక్కినవన్నీ ఆవిడ చేతివే.

మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి చలిమిడి పెట్టి గాజులు వేస్తారు. తడిబియ్యం దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి కలిపే చలిమిడి అందరి చేతా కుదరదు. ఊళ్ళో మా అక్క చేతికి కుదురుతుందని పేరు. ఎవరింట్లో సీమంతమైనా ముందురోజు మా గుమ్మంలోకి వచ్చి, "అక్కా, రేపు కాస్త మా ఇంటికి రావాలి" అనేవారు. వెళ్ళి దంచేది, పాకం పట్టేది, ముద్ద చేసి పళ్ళెంలో పెట్టేది. అక్కణ్ణుంచి పళ్ళెం వేరేవాళ్ళ చేతుల్లోకి పోయేది. ఆవిడ వంటింటి తలుపు వెనక నిలబడి చూసేది. మా పెద్దమ్మాయి సీమంతానికీ అంతే. ఎవరూ వద్దని నోరు తెరిచి అనలేదు. అనవలసిన పని లేకుండా ఆవిడే తప్పుకునేది. ఈ సంగతి నేను దాచబోవడం లేదు. పిలవకుండా ఉండడం వేరు, పిలిచి ఆపడం వేరు అని అప్పట్లో అందరితోనూ గట్టిగా వాదించేవాణ్ణి.

ఇక ఆ సీరియలు సంగతి. ప్రభుత్వం వాళ్ళు యంత్రాలు తెచ్చి కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టించారు. సరస్సు సరస్సులాగే ఉండాలన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం కాపలా కాయడానికి చెరువు లేకుండా పోయింది. కలిదిండి వెళ్ళి అక్కడ ఒక ఆసామి చెరువు మీద కుదిరాను. పదిరోజులకో పదిహేనురోజులకో ఇంటికి వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఊరంతా టీవీల ముందు కూర్చుని ఉండేది. చేపలు ఏరే పని పోయిన ఆడవాళ్ళకి చేతులు ఖాళీ. ఆ ఖాళీలోకి సీరియలు వచ్చి కూర్చుంది.

కథ కొత్తదేం కాదు. తల్లీ తండ్రీ లేని పిల్ల కలవారింటి కోడలవుతుంది. అత్త గెంటేస్తుంది. అప్పటికే కడుపుతో ఉంటుంది. మా అక్క బాధంతా ఒక్కటే.

"ఏడో నెల వచ్చేస్తోందిరా. దానికి గాజులు తెచ్చేవాళ్ళేరీ?"

"అది నటన అక్కా."

"నటనని నాకు తెలీదేవిట్రా? నటనకే అయితే ఒక పుట్టిల్లు కూడా పెట్టొచ్చుగా? వాళ్ళ సొమ్మేం పోయింది?"



మమ్మల్ని అమాయకులని ఎవరైనా అంటే నేనొప్పుకోను. నా చిన్నతనంలో మా ఊరికి నాటకం వాళ్ళు పడవల మీద వచ్చేవారు. ఒకసారి మొగుడు వదిలేసిన ఇల్లాలి వేషం కట్టినవాడు ఎంత బాగా ఏడ్చాడంటే, తెల్లారి మా అమ్మ చెంబుడు పాలు కాచి నాచేత పంపింది. వెళ్ళేసరికి వాడు గట్టు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. పాలు తాగి, మూతి తుడుచుకుని, "మీ అమ్మగారికి నా దండాలని చెప్పు బాబూ" అన్నాడు. వాడు మగాడని మా అమ్మకి తెలీదా? తెలుసు. ఏడ్చిన మనిషికి పాలు పంపాలి, అంతే. మా అక్క పుట్టింది ఆవిడ కడుపునే.

ఆ టీవీ వాళ్ళు ఏడాదికి రెండు మూడు ఊళ్ళలో అభిమానుల సమ్మేళనాలు పెట్టేవారు. లోపలికి పోవాలంటే పాసు ఉండాలి. పాసు ఊరికే రాదు. సీరియలు మధ్యలో చూపించే సబ్బుంది చూశారూ, దాని పైకాగితాలు పోగుచేసి పంపాలి. మొదటిసారి ఏలూరులో పెట్టినప్పుడు మా ఇంట్లో సబ్బులు అటక దాకా పేర్చారు. ఒళ్ళు రుద్దుకున్నా, బట్టలు ఉతికినా, అంట్లు తోమినా ఆ సబ్బే. ఆఖరికి మా కోళ్ళు కూడా మల్లెపూల వాసన వేసేవి. పక్కింటి కుర్రాడు నన్ను చూసి, "ఏం బాబాయ్, ఇలా ఘుమఘుమలాడుతూ నీళ్ళలోకి దిగితే చేపలు పసిగట్టి పారిపోవూ?" అనేవాడు.

ఆ ఏలూరు సమ్మేళనానికి మా ఊరి ఆడవాళ్ళు రెండు ఆటోలు మాట్లాడుకుని వెళ్ళారు. పొద్దున్న వెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డారు. నటులు వచ్చారు, చెయ్యి ఊపారు, చీటీ తీసి ఎవరికో ప్రెషర్ కుక్కరు ఇచ్చారు, వెళ్ళిపోయారు. మా అక్కకి ఆ పిల్ల పైటకొంగు కనిపించిందట. దానికే మురిసిపోయింది. "ఇంత ఖర్చుపెట్టి కొంగు చూసొచ్చారా?" అని నేనంటే మా ఆవిడ, "గుళ్ళో మాత్రం ఏం కనిపిస్తుందండీ, వెనకాలవాళ్ళు తోసేస్తే?" అంది.  ఇష్టమైన దానికి అయిన ఖర్చు గురించి ఆడవాళ్ళతో వాదించి గెలిచిన మగాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

తరువాత ఒక సాయంత్రం సీరియలు అయిపోగానే మైకు పట్టుకుని ఒకాయన తెర మీదకి వచ్చాడు. నేనూ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. "మన అమ్మాయికి పుట్టిల్లు లేదని బాధపడకండి. మీరందరూ పుట్టింటివాళ్ళే. తాడేపల్లిగూడెం రండి. మన అమ్మాయికి మీ చేతులతో మీరే గాజులు తొడగండి" అన్నాడు.

మా అక్క చాప మీంచి లేచింది.

"మీ చేతులతో అన్నాడు కదూ?"

"అన్నాడు."

"పెద్ద ముత్తయిదువులూ అదీ అని ఏమన్నా అన్నాడా?"

"అనలేదక్కా. మీరందరూ అన్నాడు."

ఇంకో మాట లేకుండా వంటింట్లోకి వెళ్ళి, బియ్యం ఎన్నున్నాయో డబ్బా మూత తీసి చూసింది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా మా ఊరి సీమంతాలన్నిటికీ ఆవిడ చలిమిడి చేస్తోంది. ఒక్క పిల్ల చేతికి గాజు తొడిగి ఎరగదు. ఆ ఒక్క కోరిక ఆవిడకి ఉందని ఆ డబ్బా మూత చప్పుడు విన్నాకే నాకు తెలిసింది. నేనూ తోడు వస్తానని చెప్పేశాను.

సబ్బులు మళ్ళీ మొదలు. మా ఆవిడ పెంచుకున్న బాతుల్ని అమ్మింది. అక్కకి ఉన్నవన్నీ వెలిసిన చీరలు, సీమంతానికి అలా వెళ్ళడం బాగుండదని ముదురాకుపచ్చ నేతచీర ఒకటి కొన్నాం. ఇక గాజులు.

గాజుల కోసం ఏలూరు బజారుకి అక్కా నేనూ వెళ్ళాం. ఆ కొట్టు సాయిబుగారిది తాతల నాటి వ్యాపారం. పెద్దమనిషి, తెల్లగడ్డం, గాజులు దారం నుంచి విడదీస్తుంటే చప్పుడు కూడా అయ్యేది కాదు.

"ఎవరికమ్మా?"

"మా పిల్లకండి. ఏడో నెల."

"మంచిమాట. పిల్లని తీసుకురాకపోయారా, కొలత తెలిసేది?"

అక్క తడుముకోలేదు. కొంగుముడి విప్పి ఒక గాజు తీసింది. మా చిన్నకోడలిది. ఆ ఏడే మా ఇంటికి కాపురానికి వచ్చిన పిల్ల. టీవీలో ఆ అమ్మాయి చెయ్యీ మా కోడలి చెయ్యీ ఒక్కలాగే ఉంటాయని మా అక్క తీర్మానం. వారం పాటు సీరియలు చూస్తూ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి ఎత్తమని, దింపమని, సరిచూసుకుని మరీ తెచ్చింది ఆ గాజు.

"ఏ ఊరిచ్చారమ్మా పిల్లని?"

"హైదరాబాదండి."

నేను రోడ్డు మీద పోతున్న రిక్షా వైపు చూస్తూ నిలబడ్డాను. సాయిబుగారు ఎరుపూ ఆకుపచ్చా కలిపి రెండు చేతులకీ లెక్కకట్టి, పైన ఒక గాజు కొసరు వేసి, "చల్లగా కని లేవాలమ్మా. పుట్టాక కబురు చెప్పండి" అన్నారు. "తప్పకుండానండి" అంది మా అక్క. ఆవిడ అబద్ధం చెప్పిందని నేననుకోను.

సమ్మేళనం పెట్టిన రోజూ, కలిదిండిలో మా చెరువు పట్టుబడి రోజూ ఒకటే అయ్యాయి. పట్టుబడి అంటే చెరువులో చేపలన్నీ పట్టి లారీలకెక్కించే రోజు. ఆ రోజు కాపలావాడు లేకపోతే పెళ్ళిలో పురోహితుడు లేనట్టే. ఆసామికి ఫోను చేసి ఉన్న మాట చెప్పాను.  ఆయన, "జ్వరం అని చెప్పకపోయావా బాబాయ్? టీవీలో పిల్ల సీమంతమని ఎవరితోనైనా చెప్పుకోగలనా నేను?" అన్నాడు. ఆ పని ఆ వారమే ఇంకొకడికి ఇచ్చేశాడు. ఆయన్నేమీ అనను. నేనైనా ఇచ్చేసేవాణ్ణే.

ఏలూరులో ప్యాసింజరు రైలెక్కాం. మా ఆవిడతో సహా మా ఊరివాళ్ళు ఓ పదిమంది దాకా. చలిమిడి గిన్నె మా అక్క ఒళ్ళోంచి దింపలేదు. ఎవరైనా అందుకుంటామంటే, "వేడి తగ్గలేదమ్మా, కాలుతుంది" అనేది. అది ముందురోజు చేసింది. వేడెక్కడిది?

గూడెంలో దిగి మండపం చేరేసరికి గేటు బయట బారులు. పసుపుపచ్చ చీరలు కట్టుకు రమ్మని తరువాత ఎప్పుడో చెప్పారట, మాకు తెలీదు. ముదురాకుపచ్చ చీరలో మా అక్క ఒక్కతీ ఆ పసుపు మధ్య వేరుగా కనిపించింది. లోపల పెద్ద వేదిక, పూల ఊయల కుర్చీ, దానిలో ఆ పిల్ల. దగ్గర్నుంచి చూస్తే చాలా చిన్నపిల్ల. పొట్టకి గుడ్డలు కట్టారు. మా అక్క కళ్ళు చికిలించి చూసి, నా చెవిలో, "అంత పైకి కట్టారేవిట్రా? ఏడో నెలకి కడుపు అక్కడుంటుందా? చెప్పేవాళ్ళు లేరు పాపం" అంది.

ఆడవాళ్ళు వరసగా మెట్లెక్కుతున్నారు, గాజు తొడుగుతున్నారు, ఫోటో దిగుతున్నారు, దిగుతున్నారు. మా వంతు వచ్చింది. మెట్టు మీద అక్క కాలు పెట్టగానే చెవిలో తీగ పెట్టుకున్న ఒక కుర్రాడు అడ్డం వచ్చాడు. చాలా మర్యాదగా వచ్చాడు. అదే నాకు ఇప్పటికీ అరగదు.

"పెద్దమ్మగారూ, ఆ పళ్ళెం ఇలా ఇవ్వండి. మేం తొడిగిస్తామండి."

"నేను తొడుగుతాను బాబూ. అందుకే వచ్చాను."

"అది కాదండి..." అని ఆవిడ నుదురు చూసి, మెడ చూసి, ఆగాడు. "మీరు పెద్దవారు. మీకు తెలియంది ఏముందండి."

అక్కకి అర్థమయింది. నాకూ అయింది. అయినా ఆవిడ దిగలేదు.

"మీ చేతులతో మీరే అని టీవీలో చెప్పారు గదండీ."

"చెప్పామండి, కాదనను. రేపు ఇది టీవీలో వస్తుందండి. చూసినవాళ్ళు మాకు ఫోన్లు చేసి తిడతారండి, మన అమ్మాయికి కీడు చేస్తారా అని."

అప్పుడు నేను నోరు తెరిచాను. "ఎవరు బాబూ తిట్టేది? వాళ్ళ నంబరు ఇయ్యి, నేను మాట్లాడతాను. ఆ కడుపు గుడ్డల మూట. గుడ్డలమూటకి కీడేవిటయ్యా?"

ఈ మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఊయల్లో పిల్ల ఇటు తిరిగి చూసింది. హాల్లో వెనకనుంచి ఒకావిడ, "తాతగారూ, కూర్చోండి! మాకు పిల్ల కనిపించట్లేదు!" అని అరిచింది. ఇంకొకావిడ, "పాపిష్టి మాటలు, మూట అంటాడేవిటి సీమంతంలో?" అంది.  మా ఊరి ఆడవాళ్ళ కళ్ళన్నీ చీర కుచ్చిళ్ళ మీదే ఉన్నాయి.

అక్క పళ్ళెం ఇచ్చేసింది. గాజులూ, పువ్వులూ, చలిమిడీ అన్నీ ఆ కుర్రాడి చేతిలో పెట్టి, "చలిమిడి ఇవాళే తినిపించమనండి బాబూ. రేపటికి గట్టిపడుతుంది" అని చెప్పి మెట్టు దిగింది. ఆ పళ్ళెం తెర వెనక్కి వెళ్ళడం చూశాను. మళ్ళీ రావడం చూడలేదు. మైకాయన మాత్రం, "చూశారా, మన అమ్మాయికి ఎంతమంది తల్లులో!" అంటూనే ఉన్నాడు.

బయటికి వచ్చాక మండపం వెనక కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే, అక్కడ జనరేటరు చూసుకునే ఒక మనిషి చేతులకి గ్రీజుతో నిలబడి కాగితంలో ఏదో తింటున్నాడు. మా గిన్నెలోదే. నాకు మళ్ళీ మండింది. ఏమనేవాణ్ణో గానీ, అతను మా అక్కని చూసి, "తింటారా అమ్మా? ఎవరో పల్లెటూరివాళ్ళు తెచ్చారట. మా అమ్మ పోయాక ఇలాంటిది మళ్ళీ తిన్లేదండి" అన్నాడు.

"బాగుందా?" అంది అక్క.

"ఏలక్కాయ కూడా వేశారండి."

"వేస్తారు" అంది. అంతే. తాను చేశానని చెప్పలేదు.

తిరుగు రైలు భీమడోలు దాటింది. అప్పుడు మా ఆవిడ, "పోనీలెండి వదినగారూ, వాళ్ళకి మర్యాద తెలీదు" అంది. అక్క కిటికీలోంచి చూస్తూ, "వాళ్ళకి తెలిసిన మర్యాదే అమ్మా. మనకి తెలిసిందే" అంది. నేనా మాట విని విననట్టు ఊరుకున్నాను.

సీమంతం టీవీలో వేసిన రోజు ఊరంతా చూసింది. నేను ఆ పిల్ల చేతులు తప్ప ఇంకేం చూడలేదు. బంగారురంగు గాజులు, రాళ్ళ గాజులు, ఎన్నో ఉన్నాయి. మా ఎరుపూ ఆకుపచ్చా లేవు. "మేం తొడిగిస్తాం" అన్న మాట కూడా అబద్ధమేనన్నమాట. అక్క చూసి, "ఏదో ఒక చేతిన ఉండుంటాయిలే, కెమెరాకి అందలేదేమో" అంది. సీరియలు చూడడం మానలేదు. "ఆ పిల్లదేం తప్పురా, కుర్చీలో కూర్చోమంటే కూర్చుంది."

నేను రాయడం మొదలుపెట్టాను. పని లేదు, రాయడానికేం? టీవీ ఆఫీసుకి హైదరాబాదు రాశాను. సమ్మేళనం జరిపించినవాళ్ళకి రాశాను. సబ్బుల కంపెనీకి కూడా రాశాను. నేనడిగింది పోయిన కూలి కాదు, రైలు చార్జీలు కావు, బాతులు కావు. అన్ని ఉత్తరాల్లోనూ ఒకటే అడిగాను. "మీరు మా అక్కని పిలిచారు. ఆవిడ చేత ఆ అమ్మాయికి గాజులు తొడిగించండి. మీ స్టూడియోలోనే అయినా సరే, కెమెరా లేకపోయినా సరే, మా ఖర్చుతో మేం వస్తాం. కుదరకపోతే ఆవిడ గాజులు ఆవిడకి పంపించండి." పోస్టుమాన్ నన్ను చూసి సైకిలు దిగకుండానే తల అడ్డంగా ఊపి పోయేవాడు. పోనుపోను తల ఊపడం కూడా మానేశాడు.

మా ఊరివాళ్ళు నన్ను వెక్కిరించారు. రచ్చబండ దగ్గర ఒకాయన, "ఏవండీ, ఇంతకీ టీవీ వాళ్ళు మీ చలిమిడికి రసీదిచ్చారా?" అనేవాడు. నేను ఆయనతో అదే వాదన మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి, పిలవకపోవడం వేరు, పిలిచి ఆపడం వేరని. ఆయన చాలాసేపు విని ఒకసారి, "ఆగిన మనిషికి రెండూ ఒక్కటే కదండీ" అన్నాడు. నాకు కోపం వచ్చి లేచి వచ్చేశాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట పక్కనే కూర్చుంది.

మరుసటేడు బిడ్డని ఉయ్యాల్లో వేసే వేడుక అంటూ ఏలూరులో మళ్ళీ సమ్మేళనం పెట్టారు. మళ్ళీ సబ్బులు. అప్పటికే మా అక్క పెట్టెలో కొన్ని పైకాగితాలు దాచి ఉంచింది, మడతలు నలక్కుండా. వాటిని తీసి పక్కింటి పిల్లకి ఇచ్చేసింది. "నువ్వు వెళ్ళమ్మా, నీకు పనికొస్తాయి" అంది. ఏడవలేదు, నిట్టూర్చలేదు. ఆవిడ అలా ఇచ్చేయడం చూడలేకపోయాను. మండపంలో ఆవిడ మెట్టు దిగినప్పుడు కూడా నాకంత కష్టమనిపించలేదు. ఆ రాత్రి మళ్ళీ ఒక ఉత్తరం రాశాను. ఈసారి తిట్లు లేవు. ఆవిడకి వయసైపోతోంది అని మాత్రం రాశాను.

రోజులు గడిచాయి. నాకు ఆసాముల దగ్గర పని దొరకడం తగ్గింది. కాపలాకి చూపు చాలదన్నారు. ఇంట్లో ఒక్కటే మంచి కబురు, మా చిన్నకోడలికి నెల తప్పింది. వాళ్ళ పుట్టిల్లు ముదినేపల్లి. ఏడో నెల రాగానే గాజులు వేయించి పుట్టింటికి పంపడానికి మా ఆవిడ మంచిరోజు చూపించింది. ఎవరెవర్ని పిలవాలో, పీటల దగ్గర ఎవరు కూర్చోవాలో అన్నీ మాట్లాడుకున్నారు. అక్క ఆ మాటలన్నీ వింటూనే బియ్యం నానబోసింది. ఎంత పెట్టాలి, పాకం ముదరాలా లేతగా ఉండాలా అని అడిగింది. పీటల సంగతి ఆవిడ అడగలేదు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

సీమంతానికి ముందురోజు మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చి మా గుమ్మంలో సైకిలు దిగాడు. అన్నేళ్ళలో దిగడం అదే మొదలు. చిన్న అట్టపెట్టె, పైన హైదరాబాదు ముద్ర. సంతకం పెట్టి తీసుకున్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. కోడలు గోడకి చేరబడి కూర్చుని ఉంది. అక్క రోలు దగ్గర రోకలి ఆపి చూసింది.

పెట్టెలో దూది, దూది మధ్య పాత చీరగుడ్డ, గుడ్డ లోపల గాజులు. ఎరుపూ ఆకుపచ్చా. సాయిబుగారి కొసరు గాజుతో సహా ఒక్కటీ చిట్లలేదు. పైన మడతపెట్టిన కాగితం ఉంది, ఎవరో ఆడపిల్ల చేతిరాత, కింద పేరు లేదు. ముందు నాలో నేను చదువుకోవలసింది. ఇన్నేళ్ళ తరువాత జవాబు వచ్చిందన్న ఉత్సాహంలో, "విను అక్కా, వాళ్ళేం రాశారో" అని అందరూ వింటుండగా పైకే చదివాను. ఉన్నది ఉన్నట్టు ఇది:

"అయ్యా, నమస్కారం. నేను ఈ ఆఫీసులో కొత్తగా చేరాను. పాత కాగితాలు సర్దుతుంటే మీ ఉత్తరాలన్నీ ఒకేచోట దొరికాయి. జవాబు ఇంత ఆలస్యమైనందుకు క్షమించండి. సీరియల్లో ఆ అమ్మాయికి సీమంతం అయిపోయింది. బాబు పుట్టాడు, ఇప్పుడు బడికి కూడా వెళ్తున్నాడు. ఆ సన్నివేశం ఇక మళ్ళీ రాదండి. మీ అక్కగారి గాజులు మాత్రం దుస్తుల పెట్టె అడుగున దొరికాయి. దారం కూడా విప్పలేదు, ఎవరూ తొడుక్కోలేదు. జాగ్రత్తగా చుట్టి పంపిస్తున్నాను. ఈసారి మీ ఇంట్లో సీమంతం జరిగినప్పుడు ఆవిడ చేతే తొడిగించండి. మీ ఇంట్లో అయితే ఆవిణ్ణి ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు కదండీ."